జర్మన్ కిట్‌కి పెన్సిల్వేనియా కప్పు

(ఇంట్లో రైలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. యూరప్‌లో తయారైన బొమ్మ ఇళ్ళ కిట్లు (ముక్కలు అతికించి కట్టుకునేవి) తెచ్చి అమెరికా రైళ్ళ నమూనాలు తిరిగే లేఅవుట్ (బల్ల మీద కట్టుకున్న చిన్న రైల్వే) మీద పెట్టవచ్చా, పెడితే ఎలా? పదిహేనేళ్ళుగా పిట్స్‌బర్గ్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో నేను చేస్తున్న పని ఇదే. అందుకే మిగతా ప్రశ్నల్ని వచ్చే నెలకి ఉంచి, ఈసారి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి జర్మనీలో ఉద్యోగం. కిందటి వేసవిలో అక్కడికి వెళ్ళినప్పుడు మూడు హెచ్‌ఓ సైజు (అసలులో 87వ వంతు) కిట్లు కొన్నాను. ఒకటి స్టేషను, ఒకటి కింద బేకరీ, పైన కాపురం ఉండే రెండంతస్తుల ఇల్లు, మూడోది గూడ్స్ షెడ్డు. నాది నాలుగు బై ఎనిమిది ప్లైవుడ్ మీద చిన్న లేఅవుట్, 1950ల నాటి పెన్సిల్వేనియా రైల్‌రోడ్. కిట్లు చూసిన మిత్రులు "ఇవి ఇక్కడ అతకవు, అమ్మేయండి" అంటున్నారు. అంతేనంటారా?
(ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: అమ్మకండి. మీ మూడింటిలో ఒకటి దాదాపు ఉన్నది ఉన్నట్టుగా పనికొస్తుంది. ఒకదానికి కప్పు మార్చాలి, ఇంకోదానికి ఉద్యోగం మార్చాలి.

మీ మిత్రుల లేఅవుట్ల మీద కూడా జర్మన్ ఇళ్ళు ఉండే ఉంటాయి. 1960, 70 దశకాల్లో ఫిలడెల్ఫియా కంపెనీ ఏహెచ్‌ఎం అమెరికా బొమ్మలున్న పెట్టెల్లో అమ్మిన కిట్లలో చాలా వాటిని తయారుచేసింది జర్మనీలోని పోలా. డెన్మార్క్ వాళ్ళ హెల్యాన్ కిట్లూ అలాగే అమెరికా పేర్లతో ఇక్కడికి వచ్చాయి. కాబట్టి ఎక్కడ తయారైందన్నది కాదు, చూసేవాళ్ళ కంటికి ఏం కనిపిస్తుందన్నది ముఖ్యం. ఆ కన్ను ముందు తలుపు మీద పడుతుంది, తర్వాత కప్పు మీద, ఆ తర్వాత కిటికీల మీద. గోడల దాకా వచ్చేసరికి చాలామంది చూడటం ఆపేస్తారు.

అందుకే జిగురు సీసా మూత తీయకముందే స్కేలు తీసుకుని తలుపు కొలవండి. హెచ్‌ఓ అంటే 1:87, అంటే అసలు అడుగు బల్ల మీద మూడున్నర మిల్లీమీటర్లు. అమెరికా ఇంటి తలుపు మామూలుగా 6 అడుగుల 8 అంగుళాలు, బల్ల మీద 23 మి.మీ. కన్నా కొంచెం ఎక్కువ. పాత యూరప్ కిట్లలో చాలా వాటికి పెట్టె మీద హెచ్‌ఓ అని ఉన్నా, చోటు కలిసివస్తుందని ఇంటిని కాస్త కుదించి చేశారు. అలాంటి ఇంటి తలుపు ఒక్కోసారి 20 కూడా ఉండదు. పక్కన మనిషి బొమ్మను నిలబెడితే తల ద్వారబంధానికి తగులుతుంది. మీ బేకరీ తలుపు 23 దగ్గర ఉంటే ముందు వరుసలో పెట్టండి. 20 దగ్గర ఉంటే వెనక గోడ దగ్గరికి పంపండి. దూరంగా ఉన్న ఇల్లు చిన్నగా కనిపించడం సహజమే కాబట్టి ఆ కుదింపు అక్కడ మీకే కలిసొస్తుంది.

ఇక కప్పు. ఇక్కడ మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. నేను పెరిగింది సామర్లకోటలో, బంగాళాపెంకుల ఇంట్లో. ఏటవాలు కప్పు, ఎర్ర పెంకు చూస్తే నా కంటికి అది "ఇల్లు" అనిపిస్తుందే తప్ప "జర్మనీ" అనిపించదు. ఆ పెంకు కూడా 1865లో జర్మన్, స్విస్ మిషనరీల బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో పెట్టిన ఫ్యాక్టరీ నుంచి దక్షిణాది అంతా పాకిందే, కాబట్టి ఆ చుట్టరికం ఉత్తది కాదు. నా లేఅవుట్ మీద మొదటి మూడేళ్ళూ ఎర్ర కప్పులు అలాగే ఉండిపోయాయి. తేడా ఏదో ఉందని తెలుస్తోంది, ఏమిటో తెలియదు. ఒక శనివారం పెన్సిల్వేనియాలోని రైల్వే ఊరు ఆల్టూనా వెళ్ళి, పైవీధిలో కారు ఆపి కిందికి చూశాను. నల్లటి స్లేటు పలకలు, బూడిదరంగు తారు షింగిల్స్ (వరుసలుగా పరిచే కప్పు పలకలు), దుకాణాల మీద చదునైన తారు కప్పులు. నేను చూసినంత మేరలో ఒక్క ఎర్ర పెంకు లేదు. ఆ రాత్రే ఇంటికొచ్చి నాలుగు ఇళ్ళ కప్పులు ఊడదీశాను.

మీ పని అంత కష్టం కాదు. కిట్‌లో పెంకు బల్లపరుపుగా, కింది అంచు గుండ్రంగా ఉంటే అది చేప పొలుసులా కనిపిస్తుంది. దానికి ముదురు బూడిదరంగు వేసి, అక్కడక్కడ ఒక్కో పెంకుని కాస్త నీలంగా, కాస్త ఊదాగా తేల్చండి. పెన్సిల్వేనియా స్లేటు కప్పుగా చక్కగా చెల్లిపోతుంది, ఆ రాష్ట్రంలో స్లేటు గనులే ఉన్నాయి. అదే మన గూనపెంకులా వంపు తిరిగి ఉంటే ఏ రంగు వేసినా దాగదు, తీసేయాల్సిందే.

బేకరీ ఇంటికి నేనైతే కప్పే తీసేస్తాను. ముందు గోడ పైనున్న త్రికోణాన్ని చూరు మట్టానికి కోసి, చదును చేసి, చుట్టూ 10 మి.మీ. ఎత్తున స్టైరీన్ (పలుచని ప్లాస్టిక్) పట్టీతో పిట్టగోడ కట్టండి. కప్పు స్థానంలో వెనక్కి కొంచెం వాలుగా ఒక స్టైరీన్ రేకు అతికించండి. దాని మీద నల్ల గరుకు కాగితం, 400 నంబరుది, పదిన్నర మి.మీ. వెడల్పు పట్టీలుగా కోసి ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కేలా అంటించండి. తారు కాగితం చుట్టలు అసలు 3 అడుగుల వెడల్పు ఉంటాయి, అందుకే ఆ కొలత. ఎండకి వెలిసినట్టు కనిపించడానికి పట్టీకి పట్టీకి కొద్దిగా బూడిదరంగు తేడా చూపించండి. లేఅవుట్‌ని మనం పైనుంచే చూస్తాం కాబట్టి ఈ ఒక్క కప్పు మీద పెట్టిన సాయంత్రం ఎక్కడికీ పోదు. పైకి పిట్టగోడ, కింద దుకాణం రాగానే అది పెన్సిల్వేనియా మెయిన్ స్ట్రీట్ ఇల్లయిపోతుంది.

కిటికీల సంగతి. జర్మన్ కిటికీ రెండు రెక్కలుగా తెరుచుకుంటుంది, మధ్యలో నిలువు కమ్మీ ఉంటుంది. పాత అమెరికా కిటికీ పైకీ కిందికీ జారుతుంది, సగం ఎత్తులో అడ్డ కమ్మీ ఉంటుంది. పదునైన బ్లేడుతో నిలువు కమ్మీ తీసి, సగం ఎత్తులో సన్నటి స్టైరీన్ పట్టీ అడ్డంగా అంటిస్తే చాలు, ఇల్లు ఖండం మారుతుంది. ఓపిక లేకపోతే టిచీ ట్రెయిన్ గ్రూప్ వాళ్ళ రెడీమేడ్ కిటికీలు కొని బిగించండి. ముందు వీధివైపు ఉన్న వాటికి చేస్తే సరిపోతుంది. ఎవరూ చూడని వెనక గోడ కిటికీలకి నేనింతవరకూ చెయ్యి పెట్టలేదు.

గూడ్స్ షెడ్డు మాత్రం దాదాపు అలాగే పెట్టండి. సరుకు దించే అరుగు వ్యాగన్ నేలతో సమానంగా ఉండాలన్నది రెండు దేశాల్లోనూ ఒకటే అవసరం. బల్ల మీద 13 మి.మీ. అటూ ఇటూ వస్తుంది. గోడ మీద జర్మన్ అక్షరాలుంటే గీకేసి, చివర పెన్సిల్వేనియా వాళ్ళ కీస్టోన్ గుర్తు బోర్డు పెట్టండి. ఇటుక గోడలైతే ఒక్క విషయం గమనించండి. జర్మన్ ఇటుక కాస్త లావు. అక్కడ మీటరు గోడకి 12, 13 వరుసలు వస్తాయి, అమెరికాలో 15 దాకా వస్తాయి. జర్మన్ ఇటుక కిట్‌ని, అమెరికా ఇటుక కిట్‌ని గోడకి గోడ ఆనించి పెడితే ఆ తేడా కనిపిస్తుంది. మధ్యలో ఒక సందు వదలండి.

ఉద్యోగం మార్చాలన్నది స్టేషనుకి. ఇక్కడి చిన్న ఊరి స్టేషను తీరే వేరు. పట్టాలవైపు గోడలోంచి ముందుకి పొడుచుకొచ్చిన కిటికీ గది ఒకటి ఉంటుంది. ఆపరేటరు అందులో టెలిగ్రాఫ్ ముందు కూర్చుని, కుర్చీలోంచి లేవకుండానే లైనుని అటూ ఇటూ చూడగలడు. పైన ట్రెయిన్ ఆర్డర్ సిగ్నల్ (డ్రైవరుకి ఆదేశాలున్నాయో లేదో చెప్పేది) ఉంటుంది. ప్లాట్‌ఫారం పట్టా మీద 8 అంగుళాలు, బల్ల మీద రెండు మి.మీ. చిల్లర. జర్మన్ ప్లాట్‌ఫారం ఎక్కువగా 38, 55, 76 సెం.మీ. ఎత్తుల్లో ఉంటుంది. ఇన్ని మార్చే బదులు ఆ భవనాన్ని పట్టాల నుంచి దూరంగా జరిపి స్కూలు చేయండి, లేదా ఫ్యాక్టరీ ఆఫీసు చేయండి. మా ఇంట్లో ఉన్న జర్మన్ స్టేషను ఎనిమిదేళ్ళుగా కౌంటీ ఆఫీసు. దాని గడియారాన్ని కూడా తీయలేదు.

ప్రశ్న: మా పాపకి పదకొండేళ్ళు. మంచుకొండలు, చెక్క బాల్కనీల ఇళ్ళు అంటే ప్రాణం. తను ఎంచుకున్న కిట్లన్నీ ఆల్ప్స్ ఇళ్ళే. నా రైళ్ళు మాత్రం గ్రేట్ నార్తర్న్. తన మనసు కష్టపెట్టకుండా ఏమైనా దారి చెప్పగలరా?
(ఒక పాఠకుడు, బోథెల్, వాషింగ్టన్)

జవాబు: మీ పాప సరైన కిట్లే ఎంచుకుంది! అమెరికాలో ఆల్ప్స్ ఇళ్ళు కట్టడానికి కారణమైన రైల్వేల పేర్లు చెప్పమంటే నా నోట మొదట వచ్చేది గ్రేట్ నార్తర్నే.

1910లో మాంటానాలో గ్లేసియర్ నేషనల్ పార్క్ ఏర్పడగానే, యూరప్ వెళ్ళే ప్రయాణికుల్ని తమ రైలెక్కించాలని గ్రేట్ నార్తర్న్ అధిపతి లూయిస్ హిల్ ఆ కొండల్ని అమెరికా ఆల్ప్స్‌గా ప్రచారం చేశాడు. దానికి తగ్గట్టే హోటళ్ళు, విడిది ఇళ్ళు స్విస్ పద్ధతిలో కట్టించాడు. బెల్టన్ స్టేషనుకి ఎదురుగా బెల్టన్ షాలే (షాలే అంటే స్విస్ కొండ ఇల్లు) 1910లో తెరిచారు. మెనీ గ్లేసియర్ హోటల్ 1915లో వచ్చింది. రెండూ ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి మీ లేఅవుట్‌ని ఏ మాంటానా మలుపులోనో ఉంచితే, స్టేషను ఎదురుగా చెక్క బాల్కనీల ఇల్లు ఉండటం నూటికి నూరుపాళ్ళు చరిత్రే. పాప చేత రెండు మార్పులు చేయించండి. తెల్ల సున్నపు గోడలుంటే ముదురు గోధుమరంగు చెక్కలా మార్చాలి. కప్పు మీద పెంకుగానీ, ఆల్ప్స్‌లో గాలికి చెక్క పలకలు లేవకుండా పెట్టే రాళ్ళుగానీ ఉంటే తీసేసి చెక్క షింగిల్స్ వేయాలి. పునాది బండరాళ్ళది అయితే మరీ బాగుంటుంది.

రెండో దారి మీకు కారులో రెండు గంటల్లోపే ఉంది. లెవెన్‌వర్త్ అనే ఊరు ఒకప్పుడు గ్రేట్ నార్తర్న్ డివిజన్ కేంద్రం. 1920ల్లో ఆ కేంద్రం వెనాచీకి తరలిపోయింది, మెయిన్ లైను కూడా చమ్‌స్టిక్ లోయలోకి మళ్ళింది. ఊరు చిక్కిపోయింది. 1960ల్లో ఊరివాళ్ళంతా పూనుకుని తమ వీధుల్ని బవేరియా గ్రామంలా మార్చుకున్నారు, ఆ రూపంతోనే ఊరు మళ్ళీ నిలబడింది. రైలు వెళ్ళిపోవడంతో దెబ్బతిన్న ఊరు అది. అక్కడ 2009లో ఎంపైర్ బిల్డర్ రైలు ఆగడానికి ఐసికిల్ స్టేషన్ తెరిచారని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది.

కాలం మాత్రం చూసుకోండి. మీ రైళ్ళు 1950లవైతే బవేరియా లెవెన్‌వర్త్ ఇంకా పుట్టలేదు, గ్లేసియర్ షాలేలే వాడాలి. 1970 తర్వాతవైతే గ్రేట్ నార్తర్న్ బర్లింగ్టన్ నార్తర్న్‌లో కలిసిపోయింది కాబట్టి ఆకుపచ్చ ఇంజన్లు నడపాలి. అప్పుడు మీ పాప కిట్లలో గోడ మీది పూల బొమ్మలతో సహా ఒక్కటీ మార్చనక్కర్లేదు.

ఇదే ప్రశ్నని టెక్సస్ కోసం అడిగిన ఆస్టిన్ పాఠకురాలికి: గంటన్నర దూరంలో ఉన్న ఫ్రెడరిక్స్‌బర్గ్ వెళ్ళి రండి. 1846లో జర్మన్లు కట్టుకున్న ఊరది. దూలాలు బయటికి కనిపించే గోడల ఇళ్ళు నిజంగానే ఉన్నాయి. కాకపోతే దూలాల మధ్య అక్కడి సున్నపురాయి పేర్చారు. కిట్‌లోని తెల్ల గచ్చు స్థానంలో ఆ రాయి రంగు, పెంకు స్థానంలో రేకు వేయండి. ఆ ఊరికి సొంత రైలు ఉన్నది 1913 నుంచి 1942 దాకా మాత్రమే, ఆ మధ్యకాలం ఎంచుకోండి.

ప్రశ్న: లండన్ నుంచి మా బావగారు తెచ్చిన ఇళ్ళ పెట్టె మీద "ఓఓ/హెచ్‌ఓ" అని రెండూ ఉన్నాయి. ఏది నమ్మాలి?
(ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: బ్రిటన్ పెట్టె కాబట్టి చాలాసార్లు అది ఓఓ, అంటే 1:76. రెండు స్కేళ్ళకీ పట్టాల వెడల్పు 16.5 మి.మీ. ఒకటే కావడంతో పెట్టె మీద రెండూ కలిపి రాస్తారు. ఇల్లు మాత్రం హెచ్‌ఓ కన్నా 14 శాతం పెద్దగా ఉంటుంది. అనుమానముంటే తలుపు కొలవండి, 26 దాటితే ఓఓనే. ఫ్యాక్టరీ, గోదాములకి ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు, పెద్ద గోదాము పెద్ద గోదామే. నివాస ఇళ్ళయితే ముందు అంచున, పక్కన హెచ్‌ఓ ఇల్లు లేని చోట ఉంచండి. మీరు ఇంకా చిన్నదైన ఎన్ స్కేల్‌కి మారితే యూరప్, అమెరికా రెండూ 1:160 కాబట్టి ఆ తలనొప్పి ఉండదు. అక్కడ కూడా బ్రిటన్ మాత్రం 1:148.

ప్రశ్న: జర్మన్ ఇంజన్ షెడ్డు కిట్ ఒకటి సగం ధరకి దొరుకుతోంది. అమెరికా స్టీమ్ ఇంజన్లు పడతాయా? కొన్నాక టెన్షన్ పడటం ఇష్టం లేదు. అలాగే ప్లాస్టిక్ మెరుపు పోవడానికి ఏం చేయాలో కూడా రాయండి.
(ఒక పాఠకుడు, నేపర్‌విల్, ఇల్లినాయ్)

జవాబు: వెడల్పు, ఎత్తు చాలావరకు సరిపోతాయి. అసలు ఇబ్బంది పొడవుతో. ఇది నాకు అనుభవమే. ఒక ట్రెయిన్ షోలో పాత పెట్టె కొని, మూడు వారాలు కూర్చుని రెండు లైన్ల షెడ్డు కట్టాను. పొగ మసి కూడా వేసి, కంకర పోసి, పట్టా అతికించేశాను. తర్వాత పెన్సిల్వేనియా కె4 ఇంజన్‌ని మెల్లగా లోపలికి నడిపాను. ముందు భాగం వెనక గోడకి తాకింది, టెండరు (వెనక ఉండే బొగ్గు, నీళ్ళ బండి) ఇంకా గుమ్మం బయటే రెండు వేళ్ళ మేర ఉండిపోయింది. తలుపులు మూసుకోలేదు. టెండరుతో కలిపి కె4 పొడవు సుమారు 83 అడుగులు, బల్ల మీద 29 సెం.మీ. అది కొలవకుండా కట్టడం నా తప్పే. ఆ రాత్రి చాలా బాధపడ్డాను.

దారి చూపించింది అసలు రైల్వేలే. కొత్త ఇంజన్లు పొడవు పెరిగినప్పుడల్లా ఇక్కడి కంపెనీలు షెడ్డు మొత్తం కూల్చలేదు, చాలాచోట్ల వెనక గోడ పగలగొట్టి ఒక ముక్క పొడిగించాయి. నేనూ అదే చేశాను. వెనక గోడని సన్న రంపంతో కోసి, 6 సెం.మీ. పొడవు కొత్త భాగాన్ని ఇటుకతో కాకుండా ముడతల రేకులా ఉండే స్టైరీన్‌తో కట్టాను. పాత ఇటుక దగ్గర రేకు అతికిన చోట ఒక కర్ర స్తంభం, దాని పక్కన వర్షపు నీళ్ళ గొట్టం, గొట్టం కింద తుప్పు చార. ఇప్పుడు మా ఇంటికి వచ్చినవాళ్ళు మొదట చూసేది ఆ అతుకునే. అంతకుముందు కిట్‌లా ఉన్న షెడ్డుకి ఆ తర్వాతే వయసు వచ్చింది.

మీరు మాత్రం కొనేముందే అమ్మేవాళ్ళని లోపలి పొడవు అడగండి. మీ ఇంజన్లలో పొడవైనదానికి రెండు వైపులా 2 సెం.మీ. కలుపుకోండి. డీజిల్ నడిపేవాళ్ళకి ఇంత బాధ లేదు. జీపీ9 లాంటిది 20 సెం.మీ. లోపే, హాయిగా పడుతుంది. కంటెయినర్లు రెండంతస్తులుగా పేర్చిన రైళ్ళు నడిపేవాళ్ళు యూరప్ సొరంగ ద్వారాలు, వంతెనలు కొనేటప్పుడు ఎత్తు చూడండి. వాటికి 20 అడుగుల 2 అంగుళాలు కావాలి, బల్ల మీద 71 మి.మీ. దాకా. హెచ్‌ఓకి ఎన్ఎంఆర్ఏ (అమెరికా నమూనా రైళ్ళ సంఘం) వాళ్ళ గేజి పలక ఒకటి జేబులో ఉంచుకుంటే పట్టాల దగ్గర పెట్టే ప్రతిదానికీ పనికొస్తుంది. కానీ అది మామూలు రైళ్ళ హద్దే చెబుతుంది, ఈ 71 మాత్రం విడిగా కొలవాల్సిందే.

మెరుపు గురించి. యూరప్ కిట్లలో రంగు ప్లాస్టిక్‌లోనే కలిసి వస్తుంది, రంగు వేయకపోయినా ఇల్లు పూర్తయినట్టే ఉంటుంది. కానీ దీపం కింద బొమ్మలా మెరుస్తుంది. మ్యాట్ స్ప్రే ఒక పూత వేస్తే సగం పని అయిపోతుంది. ఇటుక గోడలకి లేత బూడిదరంగుని బాగా నీళ్ళు కలిపి పూసి, ఆరకముందే పైపైన గుడ్డతో తుడవండి, రంగు ఇటుకల మధ్య గీతల్లో నిలిచిపోతుంది. పెట్టెలో వచ్చే అచ్చు కర్టెన్ల కాగితాన్ని పారేయకండి. లేసు కర్టెన్లు 1950ల అమెరికా ఇళ్ళలోనూ ఉన్నాయి, పైఅంతస్తు కిటికీలకి వాడుకోవచ్చు. లోపల లైటు పెట్టే ఆలోచన ఉంటే గోడలు విడివిడిగా ఉన్నప్పుడే లోపలివైపు నల్ల రంగు వేయండి. లేకపోతే ఇల్లంతా లాంతరులా వెలుగుతుంది, గోడలు అతికించాక మూలల్లోకి కుంచె వెళ్ళదు.